చిన్న రైలు లేఅవుట్‌కు మన ఊరి కట్టడాలు సొంతంగా కట్టుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

గుంతకల్లు చుట్టుపక్కల పెరిగినవాళ్ళకు రైలు పిచ్చి పట్టడానికి పెద్ద కారణం అక్కర్లేదు. ఇంట్లో బల్ల మీద బొమ్మ రైళ్ళు తిరిగే చిన్న ఊరు, అంటే లేఅవుట్, పెట్టుకోవాలంటే ఇంజన్లు, పెట్టెలు, పట్టాలు డబ్బు పెడితే దొరుకుతాయి. స్టేషను, గేటు గది, గూడ్స్ షెడ్డు, పట్టాల పక్కన మిద్దె ఇళ్ళు మాత్రం మన పక్కవి ఎవరూ డబ్బాలో పెట్టి అమ్మరు. వాటిని కట్టుకోవడం గురించి కొత్తవాళ్ళు పదే పదే అడిగేవి ఇక్కడ ఒకచోట చేర్చాను. నేను అనంతపురంలో ఉంటాను, ఎన్ స్కేల్‌లో, అంటే అసలు కొలతలో 160వ వంతులో పని చేస్తాను. అందుకే ఉదాహరణలు ఈ పక్కవి, కొలతలు ఎక్కువగా ఎన్‌లోవి.

కిట్ కొనుక్కుంటే పోయేదానికి సొంతంగా కట్టడం ఎందుకు?

కొనుక్కోండి, తప్పేం లేదు. కాకపోతే దొరికే కిట్లలో ఎక్కువ భాగం జర్మనీ, ఇంగ్లండ్, జపాన్ ఊళ్ళవి. మంచు జారిపోవడానికి ఏటవాలుగా కట్టిన కప్పులు, పొగగొట్టాలు, చెక్క గోడలు. వాటి ముందు మన నీలం ఐసీఎఫ్ (చెన్నై ఫ్యాక్టరీ పాత రకం) పెట్టెలు ఆపితే, రైలు దారి తప్పి వచ్చినట్టుంటుంది. పైగా దిగుమతి కిట్ ధర, దాని మీద పన్నులు, కొరియర్ కలిపితే ఆ డబ్బుతో ఒక చిన్న ఊరికి సరిపడా అట్టలు, రంగులు వస్తాయి.

హెచ్ఓ మంచిదా, ఎన్ మంచిదా?

హెచ్ఓ అంటే 1:87, ఎన్ అంటే 1:160. మన రైళ్ళ మోడళ్ళు ఎక్కువగా హెచ్ఓలోనే వస్తాయి. బండ్ల మీద మోజున్నవాళ్ళు హెచ్ఓకే పోతారు. గది చిన్నదై, చుట్టూ ఊరు, చేలు, కొండ కనబడాలంటే ఎన్. కట్టడాలు కట్టే చేతికి హెచ్ఓ సుఖం, కళ్ళకూ సుఖం. ఎన్‌లో కిటికీ కమ్మీల దగ్గరికి వచ్చేసరికి భూతద్దం వెతుక్కోవాలి.

లెక్క గుర్తుపెట్టుకోవడం తేలిక. నిజం అడుగు ఎన్‌లో 1.9 మి.మీ., హెచ్ఓలో 3.5 మి.మీ. ఏడడుగుల తలుపు ఎన్‌లో 13.3, హెచ్ఓలో 24.5 మి.మీ.

ఒక తిరకాసు ఉంది. మన బ్రాడ్‌గేజి 1676 మి.మీ. వెడల్పు. 1:160లో అది దాదాపు 10.5 మి.మీ. కావాలి, ఎన్ పట్టాల మధ్య దూరమేమో 9 మి.మీ. హెచ్ఓలోనూ అంతే, 19 మి.మీ. పైచిలుకు కావాల్సింది 16.5 ఉంటుంది. కాబట్టి పట్టాలను చూసి కట్టడాల కొలత తీయొద్దు. 1676 మి.మీ. అంటే సరిగ్గా ఐదడుగుల ఆరంగుళాలు, మన దగ్గర మామూలు మగమనిషి ఎత్తు. కొలతకు మనిషి బొమ్మనే నమ్ముకోండి.

ఎన్ అని రాసి ఉన్నవన్నీ 1:160 కూడా కావు. బ్రిటిష్ ఎన్ 1:148, జపాన్‌ది ఎక్కువగా 1:150. మనిషి బొమ్మలు కొనేటప్పుడు డబ్బా మీద అంకె చూసుకోండి.

నాకు మీటర్‌గేజి కాలం కావాలి. కుదురుతుందా?

గుంతకల్లు–నంద్యాల లైను 1990ల్లో బ్రాడ్‌గేజి అయింది. అంతకు ముందు కాలం చూపించాలనుకునేవాళ్ళు 1:120 స్కేల్‌లో కట్టడాలు కట్టి, ఎన్ వాళ్ళ 9 మి.మీ. పట్టాలు వేసుకోవచ్చు. మీటర్‌గేజి వెడల్పు 1000 మి.మీ., దాన్ని 120తో భాగిస్తే 8.3 వస్తుంది, కంటికి తేడా తెలియదు. పెట్టెలు, ఇంజన్ల పైభాగం కూడా మీరే కట్టుకోవాల్సి వస్తుంది, ముందే చెబుతున్నా.

కాలం ఏదైనా సరే, ఒకటి ఎంచుకుని దానికే కట్టుబడండి. గుంతకల్లు డివిజన్ 1977 అక్టోబరు దాకా దక్షిణ రైల్వేలో ఉండేది, ఆ తర్వాతే దక్షిణ మధ్య రైల్వేకు వచ్చింది. 1970 నాటి స్టేషన్ చూపిస్తూ గోడ మీద ద.మ.రైల్వే అని రాస్తే, ఈ పక్క రిటైరైన గార్డు ఎవరో ఒకరు కచ్చితంగా పట్టేస్తారు.

మొట్టమొదట ఏం కట్టాలి?

లెవెల్ క్రాసింగ్ గేటు గది. నాలుగు గోడలు, ఒక తలుపు, రెండు కిటికీలు, చదును కప్పు. పదడుగుల గది ఎన్‌లో 19 మి.మీ., అగ్గిపెట్టెలో సగం కూడా ఉండదు. పాడైనా ఒక సాయంత్రమే పోతుంది. మొదటే స్టేషన్ మొదలుపెట్టినవాళ్ళ అట్టముక్కలు అటక మీదే ఉంటాయి.

అసలు స్టేషన్ కొలతలు ఎలా తీసుకోవాలి? టేపు పట్టుకుని వెళ్తే ఊరుకుంటారా?

టేపు అక్కర్లేదు. ప్లాట్‌ఫారం టికెట్ పది రూపాయలు, రెండు గంటలు చెల్లుతుంది, ఆ టైం చాలు. స్టేషన్ మాస్టర్‌కు ఒక మాట చెప్పి ఫోటోలు తీసుకోండి. బొమ్మ కట్టుకోవడానికని చెబితే చాలాచోట్ల టీ కూడా ఇప్పిస్తారు. వద్దంటే వాదించకండి.

పట్టాల మీదికి మాత్రం దిగొద్దు. రైల్వే చట్టం, 1989లో 147వ సెక్షన్ కింద అది నేరం. ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. చట్టం సంగతి పక్కన పెట్టినా, కరెంటు ఇంజను వెనకనుంచి వస్తే చప్పుడు తెలియదు.

ఇక కొలత. ప్లాట్‌ఫారం మీద నిలబడి స్లీపర్లు, అంటే పట్టాల కింద అడ్డంగా వేసిన దిమ్మలు, లెక్కపెట్టండి. మెయిన్ లైన్‌లో మామూలుగా కిలోమీటరుకు 1660 స్లీపర్లు వేస్తారు, అంటే ఒకదాని నడిమి నుంచి ఇంకోదాని నడిమికి 60 సెం.మీ. స్టేషన్ భవనం ఈ మూల నుంచి ఆ మూల దాకా ఎదురుగా ఎన్ని స్లీపర్లున్నాయో లెక్కపెడితే భవనం పొడవు వచ్చేసినట్టే. యాభై స్లీపర్లుంటే ముప్పై మీటర్లు, ఎన్‌లో 19 సెం.మీ.కు కాస్త తక్కువ. లూప్ లైన్‌లో, అంటే స్టేషన్ దగ్గర మెయిన్ లైన్‌కు పక్కగా వేసిన లైన్‌లో, స్లీపర్లు కాస్త ఎడంగా ఉంటాయి, మెయిన్ లైన్‌వే లెక్కపెట్టండి.

ఎత్తుకు మనిషి సాయం కావాలి. గోడకు ఆనుకుని స్నేహితుణ్ణి నిలబెట్టి, ఎదురుగా దూరం నుంచి, ఫోన్ వంచకుండా ఫోటో తీయండి. అతని ఎత్తు తెలుసు కాబట్టి కిటికీ ఎక్కడ మొదలైందో, చూరు ఎంత ఎత్తులో ఉందో ఇంటికొచ్చి స్కేలుతో తేల్చుకోవచ్చు. దగ్గరికి వెళ్ళి పైకెత్తి తీసిన ఫోటోలు కొలతకు పనికిరావు, పైభాగం కుదించుకుపోయి కనబడుతుంది. రాతి గోడ, తలుపు చట్రం, నీళ్ళ గొట్టం, మూలలో తుప్పు మరక, వీటిని మాత్రం దగ్గరగా విడిగా తీసుకోండి. రంగులు వేసేటప్పుడు అవే పనికొస్తాయి.

కొలిచినంత స్టేషన్ కడితే బోర్డంతా అదే ఉంటుంది. ఏం చేయాలి?

ఈ పనిలో అసలు తెలివంతా ఇక్కడే ఉంది. 24 ఎల్‌హెచ్‌బీ (ఇప్పటి కొత్త రకం) పెట్టెలు పట్టే ప్లాట్‌ఫారం పెట్టెకు 24 మీటర్ల చొప్పున 576 మీటర్లు. ఎన్‌లో అది 3.6 మీటర్లు, హెచ్ఓలో ఆరున్నర మీటర్ల పైమాట. ఏ ఇంట్లో పడుతుంది? తగ్గించక తప్పదు. ఎలా తగ్గిస్తామన్నదే ప్రశ్న.

చాలామంది మొత్తం భవనాన్ని జిరాక్స్‌లో తగ్గించినట్టు ముప్పై శాతమో నలభై శాతమో కుదిస్తారు. అప్పుడు తలుపు కూడా కుదించుకుపోతుంది. దాని పక్కన మనిషి బొమ్మ నిలబెట్టగానే గుట్టు బయటపడుతుంది, స్టేషన్ మాస్టర్ వంగి లోపలికి పోవాలి. నా మాట ఒకటే: తలుపు కొలత మారకూడదు, గోడ పొడవు ఎంతైనా మారొచ్చు. తలుపు, కిటికీ, మెట్టు, అరుగు, పిట్టగోడ ఎత్తు, అంటే మనిషి శరీరం తగిలే వాటినన్నిటినీ అసలు స్కేల్‌లోనే ఉంచండి. వాటి మధ్య తిరిగి తిరిగి వచ్చే భాగాలను తీసేయండి.

ఉదాహరణకు పాత రాతి స్టేషన్ వసారాకు తొమ్మిది కమానులున్నాయనుకోండి. అయిదు ఉంచండి. ఒక్కో కమాను వెడల్పు, ఎత్తు అలాగే ఉండాలి. సంఖ్య బేసిగా ఉంచితే నడిమి కమాను నడిమిలోనే ఉంటుంది, ముఖద్వారం పక్కకు జరిగిపోదు. టికెట్ కౌంటర్, స్టేషన్ మాస్టర్ గది, వెయిటింగ్ హాలు అని మూడు భాగాలుంటే మూడూ ఉండాలి, ఒక్కోటి పొట్టిదైనా ఫర్వాలేదు. చూసేవాళ్ళు కమానులు లెక్కపెట్టరు, "అరే, ఇది మన స్టేషనే" అంటారు.

ప్లాట్‌ఫారానికి ఇంకో ఉపాయం. దాని కొసను ఒక రోడ్డు వంతెన కిందకో, చింతచెట్ల వెనక్కో పోనివ్వండి. అక్కడితో అయిపోయిందని ఎవరికీ తెలియదు.

సామాను ఎక్కడ దొరుకుతుంది?

అనంతపురమైనా కర్నూలైనా కడపైనా మూడు అంగళ్ళు చాలు. స్టేషనరీ షాపులో మౌంట్ బోర్డు, పేపర్ కట్టర్, స్టీలు స్కేలు, ఫెవికాల్, పోస్టర్ కలర్లు, యాక్రిలిక్ రంగులు. ఫ్లెక్సీలు, నేమ్‌ప్లేట్లు చేసే షాపులో సన్‌బోర్డు (తేలికపాటి ప్లాస్టిక్ పలక) తుంపులు, యాక్రిలిక్ ముక్కలు. కత్తిరించగా మిగిలినవి అడిగితే ఉచితంగానే ఇస్తారు. హార్డ్‌వేర్ షాపులో సన్న రాగి తీగ, ఉప్పుకాగితం, మరబోల్టులు.

మిగతాది ఇంట్లోనే ఉంటుంది. పెళ్ళి శుభలేఖల అట్ట చాలా గట్టిది, నునుపైనది, గోడలకు బాగుంటుంది. విజిటింగ్ కార్డులు, అగరుబత్తి పుల్లలు, చీపురు ఈనెలు, మాత్రల రేకులు, అన్నం పార్సిల్ అల్యూమినియం డబ్బా, ఏదీ పారేయకండి. ఇంట్లోవాళ్ళు గొణుగుతారు, అది వేరే సంగతి.

డబ్బు పెట్టాల్సింది పనిముట్ల మీద. మంచి బ్లేడు, స్టీలు స్కేలు, చిన్న మూలమట్టం. మొద్దుబారిన బ్లేడు అట్టను కోయదు, చించుతుంది, వేలినైతే కోస్తుంది. ఒక్క గట్టి గాటు వద్దు, మెల్లగా మూడు నాలుగు గాట్లు పెట్టండి.

గోడలు కాగితంలా పల్చగా కనబడుతున్నాయి. ఎందుకు?

పల్చగా ఉన్నాయి కాబట్టి. మద్రాసు–బొంబాయి దారి 1871లో రాయచూరు దగ్గర కలిసి పూర్తయింది. ఆ తరం రాతి కట్టడాల గోడలు అడుగున్నర మందం తేలిగ్గా ఉంటాయి. ఎన్‌లో అది దాదాపు 2.9 మి.మీ. మీరు ఒక మి.మీ. అట్టకు కిటికీ కోసి, వెనక ప్లాస్టిక్ కాగితం అంటిస్తే అద్దం గోడ మీదికే వచ్చేస్తుంది. రెండు 1.5 మి.మీ. అట్టలు ఒకదాని మీద ఒకటి అంటించి కిటికీలు కోయండి. కిటికీ చట్రాన్ని లోపలి అంచుకు పెట్టండి. గూడులో నీడ పడుతుంది, ఆ నీడే గోడకు బరువు తెస్తుంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడైతే 1.4 మి.మీ., ఒక్క అట్ట చాలు.

మూలల్లో అట్ట అంచు తెల్లగా కనబడకుండా 45 డిగ్రీలు వాలుగా గీకి కలపండి. రాయి గీతలు మొద్దుబారిన బాల్ పెన్నుతో, రీఫిల్ అయిపోయినదైతే మరీ మంచిది, నొక్కి గీయండి. వరసలు స్కేలుతో, నిలువు అతుకులు చేత్తో. అన్నీ స్కేలుతో గీస్తే బాత్రూం టైల్సు అవుతాయి.

ఫెవికాల్ రాయగానే అట్ట వంకర పోతోంది.

నీళ్ళు ఒకవైపే పీల్చుకుంటే ఏ అట్టైనా వంగుతుంది. పల్చగా రాసి, బరువు పెట్టి రాత్రంతా వదిలేయండి. రంగు వేసేముందు అట్ట రెండువైపులా వార్నిషో, ప్రైమరో ఒక పూత ఇవ్వండి. పెద్ద గోడకు లోపలివైపు అడ్డకమ్మీలు అంటించాలి. రెండు అట్టలు కలిపేటప్పుడు కాగితం నార ఒకదానిలో నిలువుగా, ఇంకోదానిలో అడ్డంగా ఉండేలా చూసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర 40 డిగ్రీలు దాటాక మేడ మీది గదిలో ఈ పని పెట్టుకోకండి. పైపొర చటుక్కున ఎండి లోపల పచ్చిగా ఉండిపోతుంది, అతుకు తర్వాత ఊడుతుంది.

ఫెవిక్విక్ ప్లాస్టిక్‌కూ లోహానికీ మంచిదే. కిటికీ అద్దాల దగ్గర మాత్రం వద్దు, దాని ఆవిరికి అద్దం మీద తెల్లటి పొగ పట్టేస్తుంది. మైదా గంజి ఎంత చవకైనా సరే వాడొద్దు, బొద్దింకలకు విందు పెట్టినట్టే.

మన పక్క మట్టి మిద్దె ఎలా కట్టాలి?

నాకు అన్నిటికంటే ఇష్టమైన కట్టడం ఇదే. లేఅవుట్‌ను మనం ఎప్పుడూ పైనుంచి చూస్తాం. విమానంలోంచి చూసినట్టు మొదట కనబడేది కప్పే, గోడలు ఆ తర్వాత. మిద్దె కప్పు మీద చూపించడానికి బోలెడంత ఉంటుంది.

ఇరవై అడుగులు, ముప్పై అడుగుల ఇల్లు ఎన్‌లో 38, 57 మి.మీ. ఎత్తు పదడుగులకు 19 మి.మీ., పైన పిట్టగోడకు మరో మూడు మి.మీ. నిజం మిద్దెలో దూలాలు, వాటి మీద దంతెలు, ఆపైన బండలో కట్టెలో పరిచి, మట్టి వేసి, అన్నిటి మీదా వాన నీరు దిగకుండా చౌడు మట్టి పోస్తారు. మన బొమ్మలో దూలాల కొసలు గోడ బయటికి కొంచెం పొడుచుకు వచ్చినట్టు అగరుబత్తి పుల్ల ముక్కలు పెడితే చాలు, లోపలివి ఎవరికీ కనబడవు.

కప్పు అట్టను పిట్టగోడకు మూడు మి.మీ. కిందగా దించి, వెనకవైపుకు ఒక వెంట్రుకవాసి వాలుగా అంటించండి. వాలు ఉన్నవైపు పిట్టగోడకు చిన్న కంత పెట్టి, నీళ్ళు పోయే దోనెగా అల్యూమినియం రేకు ముక్క మడిచి పెట్టండి. దాని కింద గోడ మీద నిలువుగా ఒక ముదురు మరక వేస్తే, మొన్న వానకు నీళ్ళు కారినట్టే ఉంటుంది. నడిమిల్లు మీద ఒక గవాచి, అంటే వెలుతురుకు, పొగకు వదిలిన రంధ్రం, దాని పక్కనే మూతగా చిన్న బండ. చౌడుకు ఫెవికాల్ పూసి జల్లెడ పట్టిన మట్టి చల్లాలి, బూడిద తెలుపు రంగుది. ఎర్రమట్టి చల్లితే అది చౌడు మిద్దె కాదు.

కప్పు మీద ఎండబోసిన మిరపకాయలకు ఎర్ర చాక్‌పీసు గీకి ఫెవికాల్ చుక్క మీద చల్లండి. పక్కన చింతపండుకు గోధుమ రంగు. ఇప్పటి కాలమైతే వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకు, 7 మి.మీ. అడ్డకొలత ఉన్న పెన్ను మూత కోస్తే వస్తుంది. డిష్ యాంటెన్నాకు 4 మి.మీ. గుండ్రటి కాగితం. 1980ల లేఅవుట్ మీద డిష్ పెట్టకండి.

గోడకు సున్నం కొట్టి, కింద రెండడుగులు ఎర్రమన్ను పట్టీ. సున్నమంటే పాలతెలుపు వద్దు, కొంచెం పసుపు, చిటికెడు బూడిద కలపండి. చిన్న వస్తువు మీద తేట తెలుపు కళ్ళకు గుచ్చుకుంటుంది.

పొలం గట్టున, రైల్వే హద్దుల్లో నిలబెట్టిన బండల కంచె చేయొచ్చా?

తప్పకుండా చేయండి. తాడిపత్రి, బేతంచెర్ల పక్క చేను చూపించడానికి ఇంతకంటే చవకైన గుర్తు ఇంకోటి లేదు. విజిటింగ్ కార్డు మందం సుమారు 0.3 మి.మీ., ఎన్‌లో రెండంగుళాల బండకు సరిగ్గా సరిపోతుంది. రెండడుగుల వెడల్పుకు 3.8 మి.మీ. పట్టీలు కోసి, ఒక్కోటి 11, 12 మి.మీ. తుంపులు చేయండి. మూడు మి.మీ. భూమిలోకి పోతుంది. పై అంచును కత్తెరతో కోయొద్దు, వేళ్ళతో చించండి, బండ విరిగినట్టు గరుకుగా వస్తుంది. అన్నీ ఒకే ఎత్తు, ఒకే నిలువు ఉండకూడదు. పదింటిలో ఒకటి పక్కకు ఒరగాలి, అక్కడక్కడా ఒకటి పడిపోయి ఉండాలి, ఆ సందులోంచి మేక దూరేంత.

రంగు: ముందు బూడిద రంగు మొత్తం వేయండి. ఆరాక కొన్నిటికి నీలం కలిసిన నలుపు, కొన్నిటికి లేత పసుపు పల్చగా కడగండి. కింద మట్టికి దగ్గరగా ఎర్రదుమ్ము రుద్దండి. ఇదే కార్డుతో ఇంటి ముందు అరుగు బండలు, కాలువ మీది మూత బండలు, టీ అంగడి బల్ల కూడా అవుతాయి. రాతి కడీలు పాతి తీగ లాగిన కంచె కావాలంటే అగరుబత్తి పుల్లను నాలుగు పలకలుగా గీకి వాడండి.

రేకుల షెడ్డు, పెంకుల కప్పు?

గూడ్స్ షెడ్డుకు, చెనిక్కాయల మిల్లుకు సిమెంటు రేకులే ఎక్కువ. వాటి అలకూ అలకూ మధ్య 146 మి.మీ., ఎన్‌లో 0.9. ఆరో నంబరు మరబోల్టుకు, అంటే 6 మి.మీ. దానికి, మర గాడికీ గాడికీ మధ్య దూరం ఒక మి.మీ. అన్నం పార్సిల్ డబ్బా అడుగు రేకును మెత్తటి రబ్బరు మీద పరిచి, ఆ బోల్టును గట్టిగా నొక్కుతూ దొర్లించండి. గాడులు వరసగా పడతాయి. ఇనప రేకుల అలలు ఇందులో సగమే, ఎన్‌లో వాటిని చెక్కడం కంటే గీతలుగా గీసేయడం మేలు. రేకులను నిజం కొలతకే ముక్కలు కోసి, ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేలా అంటించండి. ఒకే పెద్ద ముక్క వేస్తే షెడ్డు బొమ్మలా ఉంటుంది.

మంగళూరు పెంకులకు పల్చటి కాగితం పట్టీలు తీసుకుని, ఒక అంచున ఒకటిన్నర మి.మీ.కి ఒక గాటు పెట్టండి. కింద చూరు నుంచి మొదలుపెట్టి, రెండు మి.మీ. బయటికి కనబడేలా ఒకదాని మీద ఒకటి పేర్చండి. విసుగు పుట్టించే పని. టీవీ ముందు కూర్చుని చేసుకోవచ్చు.

కిటికీ కమ్మీలు చేత్తో రావట్లేదు.

రావు. అర అంగుళం కమ్మీ ఎన్‌లో 0.08 మి.మీ., వెంట్రుక మందం. కంప్యూటర్‌లో గీసి జిరాక్స్ షాపులో పారదర్శక షీటు మీద లేజర్ ప్రింటు తీయించుకోండి. ఒక్క షీటులో ఊరు మొత్తానికి కిటికీలు వస్తాయి. గీత 0.1 మి.మీ. కంటే సన్నగా పెడితే ప్రింటర్ మింగేస్తుంది.

లేజర్ కటింగ్, 3డి ప్రింటింగ్ వాడితే సొంతంగా కట్టినట్టేనా?

గీసింది మీరైతే మీరు కట్టినట్టే. కమానులు, చెక్క జాలీలు, మెట్ల కమ్మీల లాంటివి లేజర్‌కు ఇచ్చేయండి. నేమ్‌ప్లేట్ షాపులో ఎండీఎఫ్ (చెక్కపొట్టు పలక), యాక్రిలిక్, మందపాటి కాగితం కోసిస్తారు. ఒక హెచ్చరిక: సన్‌బోర్డు చాలావరకు పీవీసీ. దాన్ని లేజర్‌లో పెట్టకూడదు. కాలితే వచ్చే ఆమ్లపు పొగ ఊపిరితిత్తులకు, ఆ యంత్రానికి కూడా చేటు. సన్‌బోర్డును బ్లేడుతోనే కోయాలి.

3డి ప్రింటింగ్‌లో తీగ కరిగించే యంత్రం 0.4 మి.మీ. ముక్కుతో ఎన్ కిటికీని ముద్ద చేస్తుంది. రెజిన్ ప్రింటర్ అయితే బ్రహ్మాండంగా వస్తుంది, గది గాలి ఆడేలా ఉండాలి.

ప్లాట్‌ఫారం ఎత్తు, దూరం ఎంత పెట్టాలి?

మన పెద్ద ప్లాట్‌ఫారాలు పట్టా పైభాగం నుంచి 760 నుంచి 840 మి.మీ. ఎత్తు. ఎన్‌లో 4.75 నుంచి 5.25. కింద బోర్డు నుంచి కొలవొద్దు, పట్టా పైనుంచే కొలవాలి. చిన్న స్టేషన్ అయితే 455 మి.మీ., ఎన్‌లో 2.8. పాత కాలపు పల్లె స్టేషన్‌కు పట్టాతో సమానంగా మట్టి పరిచినా సరిపోతుంది, జనం బోగీ మెట్లు పట్టుకుని ఎక్కేవాళ్ళు.

తిన్నటి దారిలో ట్రాక్ నడిమి నుంచి అంచుకు 10.5 మి.మీ. వంపులో ఈ లెక్క చెల్లదు. ఎల్‌హెచ్‌బీ పెట్టె కింద రెండు చక్రాల చట్రాల నడిమి నుంచి నడిమికి దూరం 14.9 మీటర్లు, ఎన్‌లో 93 మి.మీ. 282 మి.మీ. వ్యాసార్ధం ఉన్న వంపులో పెట్టె నడుము దాదాపు 3.8 మి.మీ. లోపలికి జరుగుతుంది, కొసలు బయటికి పోతాయి. అందుకని మీ దగ్గరున్న అన్నిటికంటే పొడుగు పెట్టెకు పెన్సిలు ముక్క అంటించి చేత్తో తోయండి. అది గీసిన గీతకు అవతల అంచు కట్టండి. వీలైతే ప్లాట్‌ఫారాన్ని వంపులో పెట్టకండి, సగం తలనొప్పి తగ్గుతుంది.

స్టేషన్ పేరు బోర్డు?

పసుపు మీద నల్ల అక్షరాలు. పైన తెలుగు, నడుమ హిందీ, కింద ఇంగ్లీషు, అడుగున సముద్రమట్టం నుంచి ఎత్తు. ఫోటో స్టూడియోలో మామూలు ఫోటో కాగితం మీద ప్రింటు తీయించండి. మెరుపు చంపడానికి మ్యాట్ వార్నిష్ ఒక పూత.

చుట్టూ మన ఎర్రమట్టే వాడొచ్చా?

వాడండి, రంగు డబ్బాలోంచి ఆ ఎరుపు రాదు. కానీ నేరుగా చల్లొద్దు. టీ వడగట్టే జాలీలోంచి, ఆ తర్వాత పాత నైలాన్ గుడ్డలోంచి జల్లించండి. ఒక మి.మీ. ఇసుక రేణువు ఎన్‌లో పదహారు సెం.మీ. రాయి. తర్వాత పాత పెనం మీద వేయించండి, విత్తనాలు, పురుగులు పోతాయి. ఆ తర్వాత చాలామంది వదిలేసే పని: అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి మట్టిలో పదే పదే తిప్పండి. నల్లటి ఇనప రజను అంటుకుని వస్తుంది. అది ఉండిపోతే ఇంజను మోటారులోని అయస్కాంతం లాక్కుంటుంది, పళ్ళచక్రాలు అరిగిపోతాయి, మోటారు పాడవుతుంది.

ఫెవికాల్ నీళ్ళు తగిలాక ఎర్రమట్టి ముదురుతుంది, ఆరినా పూర్తిగా తిరిగి రాదు. చివర్లో పొడి మట్టి పల్చగా కుంచెతో రుద్దండి. కర్నూలు పక్క నల్లరేగడి చేను కావాలంటే అదే పద్ధతి, అది ఎండేటప్పుడు తనంతట తానే బీటలిస్తుంది. ఇంటికీ నేలకూ మధ్య సందు కనబడకూడదు. గోడ అడుగును రెండు మి.మీ. ఎక్కువ పొడుగు ఉంచి, నేలలో గాడి చేసి దించి, చుట్టూ మట్టి పోయండి.

లోపల దీపాలు పెట్టాలంటే?

0603 సైజు (చాలా చిన్నవి) వెచ్చటి తెలుపు ఎల్ఈడీలు. 12 వోల్టుల సరఫరాకు ఒక్కో దానికి 4.7 కిలో ఓం రెసిస్టరు పెడితే దాదాపు రెండు మిల్లీ ఆంపియర్లు పోతుంది, ఆ వెలుగే ఎక్కువ. ఒక కిలో ఓం పెడితే పల్లెటూరి ఇల్లు పెళ్ళి మండపంలా వెలుగుతుంది. అట్ట గోడలోంచి వెలుతురు బయటికి కనబడకుండా లోపల ముందే నల్ల రంగు వేయండి. అన్ని గదులూ వెలగాల్సిన పనిలేదు. కప్పు అంటించకుండా ఊడదీసేలా పెట్టుకోండి, ఎల్ఈడీ పోతే ఇల్లు పగలగొట్టక్కర్లేదు.

పిల్లలతో చేయించొచ్చా?

పదేళ్ళు దాటితే గీయడం, అంటించడం, రంగులు అన్నీ చేస్తారు. బ్లేడు మీ చేతిలో ఉండాలి.

తయారైన లేఅవుట్ ఎక్కడైనా చూడొచ్చా?

పుణె కొత్రూడ్‌లో జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం ఉంది, 1998లో తెరిచారు, హెచ్ఓలో పెద్ద లేఅవుట్. గుంతకల్లు నుంచి పుణెకు నేరుగా రైళ్ళున్నాయి. రైళ్ళు తిరుగుతుంటే కళ్ళు వాటి మీదే ఉంటాయి. ఆగినప్పుడు కట్టడాల మూలలు, నేలను తాకేచోట్లు చూడండి.

దుమ్ము, చెదలు, ఎలుకలు?

అనంతపురం దుమ్ము గురించి చెప్పేదేముంది. వాడనప్పుడు పాత చీర కప్పండి, దూది దుప్పటి వద్దు, పోగులు రాలతాయి. కట్టడాల మీద మెత్తటి మేకప్ బ్రష్‌తో పైనుంచి కిందకు దులపండి, తడిగుడ్డ ముట్టించకండి. పోస్టర్ కలర్ వేసి పైన వార్నిష్ వేయకపోతే రంగు గుడ్డకే వస్తుంది. లేఅవుట్ బల్ల కాళ్ళను గోడకు దూరంగా ఉంచి, చెదల మందు పూయించండి. ఎక్కిన చెద ముందు తినేది అట్టనే. ఇల్లు మారేవాళ్ళు కట్టడాలను నేలకు అంటించకుండా, గాడిలో దించి మట్టి మాత్రమే పోసి పెట్టుకుంటే, ఒక్కోటి ఎత్తి కోడిగుడ్ల అట్టల్లో సర్దుకోవచ్చు.